నవ్వించి పోతే సరా?

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే బస్సెక్కితే దారిలో శిరివెళ్ళ వస్తుంది. ఆళ్ళగడ్డ పుట్టిల్లూ నంద్యాల మెట్టినిల్లూ అయిన నాకు ఆ స్టాపు కొత్తేమీ కాదు. అది ఎవరి ఊరో మన పాఠకురాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, తెలియనివారికి చెబుతున్నాను. కళ్ళు పెద్దవి చేసి, సీమ యాసలో గద్దించి, ఒక సినిమాలో మనల్ని భయపెట్టి ఇంకో సినిమాలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన జయప్రకాశ్ రెడ్డి పుట్టిన ఊరు అది.

ఆయన మొదట ఉపాధ్యాయుడు. నాటకాల పిచ్చి. 1988లో 'బ్రహ్మపుత్రుడు' సినిమాతో తెర మీదికి వచ్చినా, జనం నోళ్ళలో పడింది మాత్రం 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చాకే. ఆ తర్వాత 1999లో 'సమరసింహారెడ్డి'. ఇవి విలన్ వేషాలు. 2005లో 'ఎవడి గోల వాడిది', 2007లో 'ఢీ' లాంటి వాటిలో అదే యాసతో, అదే గొంతుతో నవ్వించాడు. 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకంలో ఒక్కడే నిలబడి అంతసేపూ రక్తి కట్టించాడు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో చనిపోయాడు.

ఈ వారం ఇదెందుకు ఎత్తుకున్నానంటే, ఒకరి మాటనీ నడకనీ అనుకరించి నవ్వించడం అనే విద్య ఇప్పుడు స్టేజీ దిగి, సినిమా దాటి, మన వీధిలోకి, మన పిల్లల చేతిలోని ఫోనులోకి వచ్చేసింది. వీధిలో నవ్వు పుట్టించి దాన్ని కెమెరాలో పట్టడం ఎంత కష్టమో, అందులో ఎవరికి నొప్పి తగులుతుందో మన ఆడవాళ్ళం కాస్త ఆలోచించుకోవాల్సిన వేళ వచ్చింది.

ముందు అనుకరణ సంగతి చూద్దాం. సీమ యాస అంటే ప్రతి మాట చివరా ఒక 'అప్పా' తగిలించడమే అనుకుంటారు బయటివాళ్ళు. మన దగ్గర 'ఏం చేస్తాండావు' అన్న ఒక్క ముక్కనే తల్లి బిడ్డను అడిగితే ఒక తీరు, అప్పిచ్చినవాడు గడపలో నిలబడి అడిగితే ఇంకో తీరు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నదాంట్లో ఉంది కిటుకంతా. జయప్రకాశ్ రెడ్డి మాట్లాడుతుంటే సినిమా హాల్లో మా వరసలో కూర్చున్న ఆడవాళ్ళు 'అచ్చం మా మామ మాదిరే ఉంది' అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అనుకరణకు అంతకంటే పెద్ద మార్కులు ఏముంటాయి? ఎవరి మాటను అనుకరిస్తున్నారో వాళ్ళే ముందు నవ్వాలి.

మన వంటింటి పోలిక చెప్పాలంటే ఇది ఉగ్గాని చేయడం లాంటిది. బొరుగులు నీళ్ళలో వేసి చప్పున తీసి పిండేస్తే పువ్వులా ఉంటాయి. ఇంకాస్త నానితే బాగుంటుందిలే అని వదిలేస్తే ముద్ద. అనుకరించేవాడు కూడా ఎదుటివాడి గుర్తు ఒక్కటి పట్టుకుని చప్పున వదిలేయాలి. పట్టుకుని నానబెడితే అది ఎగతాళి అవుతుంది. మా ఆళ్ళగడ్డ శిల్పుల పని చూసినవాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. రాతిలో అక్కరలేనిది తీసేస్తేనే దేవుడి ముఖం పైకి వస్తుంది. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ముక్కు పోతుంది, మళ్ళీ అతకదు.

మిమిక్రీకి 'ధ్వన్యనుకరణ' అని చక్కని తెలుగు పేరుంది. ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్. 1932 డిసెంబరు 28న పుట్టాడు. 1971లో ఐక్యరాజ్యసమితిలో తన విద్య చూపించాడు. 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. 2018 జూన్ 19న కన్నుమూశాడు. ఆయన పుట్టినరోజును శిష్యులు మిమిక్రీ దినంగా జరుపుకుంటారు. నోటితో చేసే ఈ పనికి తెలుగు విశ్వవిద్యాలయంలో డిప్లొమా చదువు కూడా వచ్చిందంటే దాన్ని ఎంత గౌరవానికి తెచ్చాడో చూడండి. ఆయన ముందు కూర్చున్న జనం వినాలని వచ్చినవాళ్ళు. తలుపు తీసి లోపలికి రమ్మన్న ఇంట్లో చుట్టం ఎంత అల్లరి చేసినా ముద్దుగానే ఉంటుంది కదా!

ఇంకో వేణుమాధవ్ ఉన్నాడు, కోదాడ ఆయన. మిమిక్రీతో, మాట్లాడే బొమ్మతో మొదలుపెట్టి, 1996లో 'సంప్రదాయం'తో సినిమాల్లోకి వచ్చి, 1998లో 'తొలిప్రేమ'తో పేరు తెచ్చుకుని, 2006 నాటి 'లక్ష్మి' సినిమాకు నంది అవార్డు కూడా అందుకున్నాడు. 2017 ఆగస్టులో మా నంద్యాల ఉప ఎన్నికకు తెలుగుదేశం తరఫున ప్రచారానికి వచ్చింది ఈయనే. 2019 సెప్టెంబరు 25న చనిపోయాడు. పార్టీల గొడవ మన పేజీకి వద్దు. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. హాల్లో హాస్యగాడు మాట్లాడితే హాలంతా నవ్వుతుంది. ప్రచారం బండి మీద నిలబడి మాట్లాడితే సగం వీధి నవ్వుతుంది, సగం వీధి పళ్ళు కొరుకుతుంది. వీధి అన్నది హాలు కాదు. అక్కడ ఉన్నవాళ్ళు మన కోసం వచ్చినవాళ్ళు కారు. పాలకు, కూరగాయలకు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు.

ఇక షూటింగు మాట. సినిమా తీయడం వేరే పని, నలుగురు తిరిగే చోట హాస్యం తీయడం వేరే పని. ఏడుపు సీను ఎన్నిసార్లు తీసినా నటి గ్లిజరిన్ పెట్టుకుని కన్నీళ్ళు పెట్టుకోగలదు. నవ్వు అలా కాదు. మాటకూ మాటకూ మధ్య ఉండే చిటికెడు సందులో పుడుతుంది అది. ఆ సందులో ఒక ఆటో హారను కొట్టిందా, సీను పోయినట్టే. సినిమావాళ్ళు మాటలను తర్వాత స్టూడియోలో డబ్బింగు చెప్పుకుంటారు గనక సర్దుకుంటారు. జనాన్ని మాత్రం ఎలా సర్దుతారు? ఒకడు కెమెరాకేసి చూస్తాడు, ఒకడు చేయి ఊపుతాడు, ఇంకొకడు మాట పడకముందే నవ్వేస్తాడు. రెండోసారి తీస్తే అదే జనానికి నవ్వు రాదు. అందుకే తాడు కట్టి, జూనియర్ ఆర్టిస్టులను తెచ్చుకుని, పోలీసుల దగ్గరా మునిసిపాలిటీ దగ్గరా అనుమతి కాగితాలు పెట్టుకుని తీస్తారు.

'ఒక్కడు' సినిమా గుర్తుందా? 2003లో వచ్చింది. అందులో చార్మినార్ మీద అంత కథ నడిపారు గదా, దాని కోసం హైదరాబాదు పొలిమేరలో ఏకంగా చార్మినార్ సెట్టే కట్టుకున్నారు. రాత్రింబవళ్ళు జనం పొర్లే అసలు చార్మినార్ దగ్గర అన్ని రోజులు తీయడం అయ్యే పనా? అదే ఏకాంతంగా ఉండే చోటు దొరికితే పని తేలిక. మా బనగానపల్లె నవాబు బంగళాలో 2009 నాటి 'అరుంధతి' తీశారు. ఇప్పుడు జనం దాన్ని 'అరుంధతి బంగళా' అనే పిలుస్తూ చూడ్డానికి పోతున్నారు.

సినిమా ముఖం వీధిలోకి వస్తే ఏమవుతుందో మా ఊరు కళ్ళారా చూసింది. 2024 మే 11న అల్లు అర్జున్ ఎన్నికల్లో నిలబడ్డ స్నేహితుని కోసం నంద్యాల వచ్చాడు. షూటింగూ లేదు, పాటా లేదు. అయినా వీధులు పట్టనంత జనం. అనుమతి లేకుండా జనం గుమిగూడారని కేసు కూడా పెట్టారు. ఆ ఏడు నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తప్పొప్పులు కోర్టు చూసుకుంది. ఒక మనిషి వచ్చి చేయి ఊపితేనే ఇంత అయినప్పుడు, రోడ్డు మధ్యన కావాలని వింత చేసి జనాన్ని పోగేస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలా కావాలని చేసినవీ ఉన్నాయి. 2022 మే నెలలో హైదరాబాదు ఫిలింనగర్‌లో ఒక కుర్రవాడు నడిరోడ్డు మీద నటుడు విశ్వక్‌సేన్ కారుకు అడ్డం పడి నానా గోలా చేశాడు. అదంతా 'అశోకవనంలో అర్జున కల్యాణం' సినిమా ప్రచారం కోసం వేసిన ప్రాంకు అని తర్వాత తెలిసింది. దాని మీద ఫిర్యాదు మానవ హక్కుల సంఘం దాకా పోయింది. ఆ వేళ ఆ రోడ్డు మీద ఆగిపోయిన బండ్లలో ఎవరున్నారో, ఏ పని మీద పోతున్నారో ఎవరికి తెలుసు?

ఈ దొంగచాటు కెమెరా తమాషా ఇవాళ పుట్టిందేమీ కాదు. అమెరికాలో అలెన్ ఫంట్ అనే ఆయన 1947లో రేడియోలోనూ, 1948 నుంచి టీ.వీ.లోనూ ఇలాంటి కార్యక్రమం నడిపాడు. టీ.వీ.లో దాని పేరు 'క్యాండిడ్ కెమెరా'. మనిషిని ఆట పట్టించడం, చివర్లో 'అదిగో కెమెరా' అని చూపించడం, అప్పుడు నవ్వుకోవడం. ఆ బొమ్మ వేసుకోవడానికి ఆ మనిషి దగ్గర సంతకం కూడా తీసుకునేవారు. మన దేశంలో 1990ల చివర్లో ఎం.టీ.వీ.లో సైరస్ బ్రోచా 'బక్రా' అని ఇలాంటిదే చేశాడు.

ఇంత దూరం పోవడమెందుకు? మనకు పగటివేషగాళ్ళు లేరూ! మా అమ్మమ్మలకు బాగా తెలిసిన మాట ఇది. ఊళ్ళోకి వచ్చి రోజుకొక వేషం. ఒకనాడు పోలీసు, ఒకనాడు సన్యాసి, ఒకనాడు అర్ధనారీశ్వరుడు. ఒక్క మనిషే ఒక పక్క మొగవాడుగా, ఒక పక్క ఆడదిగా నడుస్తుంటే వీధి వీధంతా వెంట పోయేది. నిజం పోలీసే అనుకుని భయపడి, తర్వాత తెలిసి పగలబడి నవ్వుకున్న ఇళ్ళు ఎన్నో. ఇంకొకడు పిట్టలదొర. తల మీద టోపీ, ఒంటిమీద ఖాకీ, భుజాన చెక్క తుపాకీ. కోతలు కోయడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆయన అనుకరించింది ఎవరిని? అధికారం చెలాయించిన దొరను. కూలికి పోయే ఎల్లమ్మను కాదు.

అలాగని ఆ వేషాలన్నీ పాలూ నీళ్ళూ లాంటివని అనను. కులాలను, వృత్తులను ఎకసెక్కం చేసిన వేషాలూ అందులో ఉన్నాయి. కానీ వాళ్ళకొక కట్టుబాటుండేది. చివరిరోజు రంగు కడిగేసుకుని, మామూలు మనిషిగా ప్రతి గడప ముందుకూ వచ్చి నిలబడేవాళ్ళు. బియ్యమో, డబ్బులో, పాత చీరో ఇచ్చేవాళ్ళం. నొచ్చుకున్న ఇల్లాలు ఉంటే ఆ రోజు ముఖం మీదే నాలుగు మాటలు అనేది. వాడు తల వంచుకుని వినేవాడు. నవ్వించినవాడు లెక్క అప్పజెప్పి మరీ ఊరు దాటేవాడన్నమాట.

ఇప్పుడు ఫోను పట్టుకుని నవ్వించేవాడు ఆ చివరిరోజు రావడం లేదు. నా బాధంతా అక్కడే.

మా వీధిలో పొద్దున్నే పూలు తెచ్చే ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి. ఆమె కేక సాగదీసి, మధ్యలో విరిచి, చివర్న పైకెత్తి వేస్తుంది. ఆ కేక వినే మేము స్టవ్ మీద పాలు దించేవాళ్ళం. కిందటేడు ఎండాకాలంలో ఇద్దరు కుర్రవాళ్ళు ఆమె వెనకాలే నడుస్తూ, ఆ కేకను అచ్చుగుద్దినట్టు అనుకరిస్తూ, ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసేది ఫోనులో తీశారు. దానికొక పాట తగిలించి ఊరంతటికీ చూపించారు. నిజం చెప్పాలంటే అనుకరణ బాగుంది. ఆ కుర్రవాడికి చెవి ఉంది.

నాలుగు రోజుల తర్వాత గమనించాను, కేక వినబడటం లేదు. ఆమె బుట్ట పట్టుకుని గడప దగ్గర ఊరకే నిలబడింది.

"ఏమ్మా, అరుపు లేదే ఇయ్యాల?" అని అడిగాను.

"అరిస్తే పిల్లోళ్ళు ఆ మాదిరే అరిసి నవ్వుతాండారమ్మా. నా గొంతు నాకే ఎగతాళి అయిపాయ" అంది.

పూలమ్మేదానికి కేకే గదా అంగడి బోర్డు! కేక లేక సగం ఇళ్ళకు ఆమె వచ్చినట్టే తెలియలేదు. మూరలు మిగిలిపోయి వాడిపోయాయి. ఆ కుర్రవాళ్ళలో ఒకడి తల్లి మా వెనక వీధే. నలుగురం కలిసి పోతే, "ఏదో సరదాకి తీసినాడులే వదినా" అంది పాపం. "సరదా మీ వానిది, పోయిన బేరం ఆమెది" అన్నాను. పిల్లవాడు మంచివాడే. తల్లి చెప్పగానే తీసేశాడు. కానీ అప్పటికే ఎవరెవరి ఫోనుల్లోకో పోయింది అది. మరునాడు తల్లి వాణ్ణి వెంటబెట్టుకుని పూలామె దగ్గరికి తీసుకొచ్చింది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పవలసినవి చెప్పింది. ఇప్పుడు మళ్ళీ కేక వేస్తోంది, కానీ మునుపటంత ఎత్తుగా కాదు.

చూశారా, ఇక్కడ చెడ్డవాడంటూ ఎవరూ లేరు. వాడికి విద్య ఉంది, కట్టుబాటు లేదు. తప్పు విద్యది కాదు. అందుకే మీ పిల్లలు ఎవరినైనా అనుకరిస్తుంటే నోరు మూయించకండి. అదొక చదువు. రేపు వాడు ఇంకో వేణుమాధవ్ కావచ్చు, డబ్బింగు చెప్పి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు. ఆ విద్యతో పాటు నాలుగు మాటలు మాత్రం చెవిలో వేయండి.

ఒకటి, తీయకముందు అడగడం. దొంగచాటుగా తీస్తేనే నవ్వొస్తుందంటే, తీసిన వెంటనే ఫోను వాళ్ళ చేతికిచ్చి చూపించడం. వాళ్ళు నవ్వితే ఉంచు, ముఖం ముడుచుకుంటే అక్కడే చెరిపేయ్.

రెండు, మనకంటే పైవాణ్ణి అనుకరించడం. మంత్రినీ, మాస్టారునీ, సినిమా హీరోనూ చేస్తే వాళ్ళకు పోయేది లేదు. కూరగాయలమ్మే ఆమెనో, నత్తిగా మాట్లాడే పిల్లనో చేస్తే వాళ్ళ రేపటి రోజు పోతుంది.

మూడు, దారికి అడ్డం రాకపోవడం. బస్టాండు, ఆసుపత్రి, గుడి వాకిలి తమాషాకు చోట్లు కావు. దొంగ అనో, పాము అనో భయపెట్టి పరుగెత్తిస్తే ముసలివాళ్ళు పడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

నాలుగు, తర్వాత ముఖం చూపించడం. ఎవరినైతే చూపించి నవ్వించావో, మర్నాడు వాళ్ళ ముందు నిలబడగలవా లేదా? నిలబడలేనంటే అది తీయవద్దు.

ఇక మన మీదికే కెమెరా తిరిగితే? కంగారు పడవద్దు. "ఎందుకు తీస్తున్నావు నాయనా? తీసెయ్" అని నలుగురికీ వినబడేట్టు అడగండి. సిగ్గుపడి ముఖం తిప్పుకుని పోతే వాడికి ఇంకా నవ్వు దొరుకుతుంది. నలుగురు తిరిగే చోట ఫొటో తీసినంత మాత్రాన అది నేరం కాదు. కానీ ఆడవాళ్ళ గౌరవానికి భంగం కలిగించాలని మాట అన్నా, సైగ చేసినా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను కింద నేరమే. వద్దన్నా వెంటపడి తిరిగేవాళ్ళకు 78వ సెక్షను ఉంది. వెంటనే సాయం కావాలంటే 112, ఆడవాళ్ళ సాయానికి 181, ఫోనుల్లో, కంప్యూటర్లలో జరిగే మోసాలకూ వేధింపులకూ 1930. ఈ మూడు నంబర్లూ క్యాలెండరు పక్కన రాసిపెట్టుకోండి. వీడియో కనబడగానే కోపంతో నలుగురికీ పంపకండి. మీరు పంపినకొద్దీ అది ఇంకా పాకుతుంది. సాక్ష్యానికి ఒక కాపీ దాచుకుని, దాన్ని పెట్టినవాడి పేరు, తేదీ రాసుకోండి చాలు.

మరొక్క మాట. చూసేవాళ్ళం మనం కూడా ఉన్నాం. మధ్యాహ్నం పనయ్యాక కాసేపు ఫోను చూసుకుని నవ్వుకుంటాం, తప్పేమీ లేదు. ఎవరో ఒక ముసలమ్మ బిత్తరపోయి నిలబడ్డ వీడియో వచ్చినప్పుడు మాత్రం, ఆమె కూడా ఇది చూసి నవ్వి ఉంటుందా అని ఒక్కసారి అడుగుకోండి. లేదనిపిస్తే దాన్ని దాటేయండి, ఇంకొకరికి పంపకండి. చూసేవాళ్ళు తగ్గితే తీసేవాళ్ళూ తగ్గుతారు. గిరాకీ లేని సరుకు ఏ అంగట్లోనూ ఎక్కువ రోజులు ఉండదు.

మీ ఊళ్ళకు వచ్చిన పగటివేషగాళ్ళ గురించి, పిట్టలదొరల గురించి మీ అమ్మలూ అత్తలూ చెప్పిన ముచ్చట్లు ఉంటే ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. బాగున్నవి ఈ పేజీలో వేసుకుందాం. వచ్చే వారం మామిడికాయల సంగతి మాట్లాడుకుందాం.